ముగ్గురు పెద్దలు కలిసి వచ్చిన రోజు

‘కనుమ కింద ఊరు’ సీరియల్ – తొమ్మిదో భాగం

పోయిన వారం నేను సంచి సర్దుకుంటూ ఉండగా కథ ఆగింది. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. నా పేరు సాల్కిన్. కొండల మధ్య కోక్‌బెల్ అనే ఊళ్లో ఫెల్షర్‌ని. డాక్టరు లేని చోట డాక్టరు పనీ, నర్సు లేని చోట నర్సు పనీ, పురుడొస్తే మంత్రసాని పనీ చేసే మనిషిని మా వైపు అలా అంటారు. రాజధాని బిష్కెక్‌లో డాక్టరు చదువుకు నాకు సీటు వచ్చింది. మొదటి సంవత్సరంలోనే సుమా. ఫెల్షర్‌గా ఎన్నేళ్లు ఊడిగం చేసినా సరే, డాక్టరు కావాలంటే మూతిమీద మీసం రాని పిల్లల పక్కన కూర్చుని అఆల నుంచి దిద్దుకోవాల్సిందే. సోమవారం పొద్దున అక్కడ కనిపించకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. శనివారం తెల్లవారుజామున బయల్దేరే టాక్సీలో చోటు చెప్పుకున్నాను.

ఈ సంగతి ఊళ్లో ఒక్క ఉల్కాన్ అపాకే చెప్పాను. అపా అంటే మా వైపు అమ్మలాంటి పెద్దావిడ. ఆవిడ మా ఊరి ఆరోగ్య కేంద్రంలో మంత్రసానిగా చేసి చేసి మానేసిన ముసలమ్మ, నాకు పని నేర్పిన మనిషి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసే చెప్పాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకే నమ్మకం కలిగేలా లేదు.

ఇక నా భర్త. మా వైపు కోడళ్లు భర్త పేరూ, అత్తారి ఊరి పెద్దల పేర్లూ పైకి పలకరు. మీ చెవిలో కాబట్టి చెబుతున్నాను: బోలోత్. రష్యాకి భవనాల పనికి వెళ్లాడు. మొదట్లో రోజూ ఫోను చేసేవాడు, తర్వాత పండగలకి చేసేవాడు, ఆ తర్వాత నంబరే మారిపోయింది. నేను విధవనీ కాదు, విడాకులు తీసుకున్నదాన్నీ కాదు. ఉద్యోగంలోనూ అదే వరస. నర్సులు నన్ను డాక్టరమ్మా అంటారు, డాక్టర్లు నర్సమ్మా అంటారు. ఏ బల్ల దగ్గరికి వెళ్లినా నాకు సగం కుర్చీయే.

శుక్రవారం మధ్యాహ్నం. ఊరంతా గడ్డి కోతల్లో ఉంది. ఈ రోజుల్లో మావాళ్లు జబ్బు పడరు. పడినా కోతలయ్యాక పడదాంలే అని వాయిదా వేసుకుంటారు. నేను మందుల బీరువా సర్దుతున్నాను. నా చోటికి జిల్లావాళ్లు ఒక అమ్మాయిని పంపిస్తామన్నారు. ఫెల్షర్ చదువు ముగించుకుని ఈ వేసవిలోనే బయటికి వచ్చిందట. పాపం, వాళ్లకి సూది వేయడం నేర్పుతారు, విరిగిన చెయ్యికి కట్టు కట్టడం నేర్పుతారు, పురుడు పోయడం నేర్పుతారు. చలికాలంలో తలుపు వేసుకుని పొయ్యి ముందు ఒక్కతీ కూర్చున్నప్పుడు ఏం చేయాలో ఏ పాఠంలోనూ ఉండదు. నేనూ ఆ పిల్లకి ఏం చెప్పాలో తెలియక సీసాల మీద కొత్త చీటీలు అంటించాను.

నాతో చదివినవాళ్లలో చాలామంది ఇప్పుడు రష్యాలో అంబులెన్సుల మీద ఉన్నారు. అక్కడ ఫెల్షర్‌కి డ్రైవరు పక్క సీటు, చేతి కింద మనిషి, చెప్పిన మాటకి విలువ. ఇద్దరు బిష్కెక్‌లో మందుల షాపులు పెట్టుకున్నారు. పల్లెలో మిగిలింది నేనొక్కదాన్నే. ‘నువ్వు చాలా గొప్పదానివే’ అని వాళ్లంతా ఫోనులో అంటారు. అలా అన్నవాళ్లలో ఒక్కరూ ఇటువైపు తొంగి చూడరు.

చీటీ అంటిస్తూ కిటికీలోంచి చూశాను. వీధి చివర ముగ్గురు పెద్దలు కలిసి నడిచి వస్తున్నారు. ముందు బడి మాస్టారు, పక్కన గొర్రెలాయన, ఒక అడుగు వెనక పెదమామ. పెదమామ అంటే నా భర్తకి స్వయానా పెదనాన్న. ముగ్గురూ తెల్ల టోపీలు పెట్టుకుని, పండగ కోట్లు తొడుక్కున్నారు. గడ్డి కోతల రోజుల్లో, ఎర్రటి ఎండలో, పండగ కోట్లు! ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. వాళ్ల వెనకాల ఉల్కాన్ అపా, కొంగుతో మొహం తుడుచుకుంటూ వస్తోంది.

నా చేతిలో సీసా బల్లమీద పెట్టేశాను.

మావాళ్లు దూరాన జరిగిన చావు కబురు ఫోనులో చెప్పరు. ఒక్కరే వెళ్లీ చెప్పరు. ఊరి పెద్దలు కలిసి ఆ ఇంటికి వెళ్తారు. చెప్పబోయే మనిషిని ముందు కూర్చోబెడతారు. మంచినీళ్లు తాగిస్తారు. అప్పుడు వాళ్లలో పెద్దవాడు గొంతు సవరించుకుంటాడు. ఆ గుంపులో ఫెల్షర్‌కీ ఒక చోటుంది, తలుపు పక్కన. వినగానే ఎవరైనా పడిపోతే పట్టుకోవడానికి, బీపీ చూడడానికి, గుండె చుక్కలు, అంటే దడ తగ్గించే మందు, నీళ్లలో పోసి ఇవ్వడానికి. ఈ ఊళ్లో ఎన్ని గుమ్మాల పక్కన అలా నిలబడ్డానో. మాస్కోలో కొడుకు పోయిన తల్లి గుమ్మం, దారిలో లారీ బోల్తాపడి మొగుడు పోయిన పిల్ల గుమ్మం. పెద్దలు నడిచే ఆ నడక, మాటల్లేని ఆ రావడం నాకు బాగా తెలుసు. ఈసారి తలుపు పక్కన నిలబడాల్సిన మనిషిని కూడా నేనే.

ఏం చేశానో తెలుసా? గ్లాసులో కాసిన్ని నీళ్లు పోసి, గుండె చుక్కలు వేసి, బల్లమీద నాకోసం సిద్ధంగా పెట్టుకున్నాను. అలవాటు మరి. ఇంకెవరు పెడతారు నాకు?

ఎవరు పోయి ఉంటారు? నాన్న ఎప్పుడో పోయాడు. అమ్మ పోయినప్పుడు ఈ ముగ్గురే వచ్చి చెప్పారు. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు. చావు కబురు మోసుకొద్దామన్నా నాకు మనుషులే మిగల్లేదు కదా అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం గుండె తేలికైంది. ఆ వెంటనే ఆ తేలికదనం చూసి ఏడుపొచ్చింది.

ముగ్గురూ లోపలికి వచ్చారు. సలాములు అయ్యాయి. రోగులు కూర్చునే బెంచీమీద వరసగా కూర్చుని టోపీలు సర్దుకున్నారు. ఉల్కాన్ అపా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. సరిగ్గా నేను నిలబడే చోట.

“కోడలా, ముందు నువ్వు కూర్చో” అన్నాడు మాస్టారు. అని గొంతు సవరించుకున్నాడు.

“బోలోత్!” అని అరిచాను.

పేరు పెట్టి, ఊరి పెద్దల ముందు, అతని పెదనాన్న ముందు! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా నోటివెంట రాని పేరు. అతను నాకేమీ కాడు, అతన్ని మర్చిపోయాను అని ఊరందరికీ చెప్పుకు తిరిగిన నోరే అది. కుర్చీలో కూలబడ్డాను.

మాస్టారు చటుక్కున లేచాడు. “అయ్యయ్యో! ఎవరూ పోలేదు కోడలా! తూ తూ, అవేం మాటలు! ఎవరూ పోలేదు!”

“మరి ముగ్గురూ కలిసి ఎందుకొచ్చారు? ఆ కోట్లేంటి? ఆ మొహాలేంటి?”

గొర్రెలాయన తన కోటు వైపు తనే చూసుకున్నాడు. “అదేనయ్యా నేను మొత్తుకుంటున్నాను, కోట్లు వద్దని. ఈ మాస్టారే గౌరవంగా ఉంటుందన్నాడు. చూడు, పిల్ల ప్రాణం పోయినంత పనైంది. నాకూ గుండె దడదడలాడుతోంది.” అంటూ బల్లమీదున్న గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. “ఇదేంటి, చేదుగా ఉంది?”

“గుండె చుక్కలు” అన్నాను.

“మంచిదే” అన్నాడు.

ఉల్కాన్ అపా తలుపు దగ్గర్నుంచి తిట్టిపోసింది. “ముసలి మొహాల్లారా, ఒక్కొక్కరుగా వెళ్లండ్రా అంటే విన్నారా? ముగ్గురూ ఊరేగింపు కట్టారు!” గిన్నెలో నీళ్లు తెచ్చి, దిష్టి తీసినట్టు నా తల చుట్టూ తిప్పి, వాకిట్లో దూరంగా పారబోసింది.

అప్పుడుగాని అసలు విషయం బయటికి రాలేదు. వాళ్లు నన్ను వెళ్లొద్దని అడగడానికి వచ్చారు.

“నీకు సీటు వచ్చిందట. సంతోషం” అన్నాడు మాస్టారు. “నా బళ్లో చదివినవాళ్లు ఎవరు పైకొచ్చినా నాకు సంతోషమే. నువ్వు నా బళ్లో చదవకపోయినా సరే. కానీ చలికాలంలో మంచుకి కనుమ దారి మూసుకుపోతే మాకు దిక్కెవరు?”

“జిల్లావాళ్లు అమ్మాయిని పంపిస్తున్నారు కదా.”

“పంపిస్తారు. వసంతానికి ఆ అమ్మాయికి పెళ్లవుతుంది, వెళ్లిపోతుంది. మా ఆవిడకి చక్కెర జబ్బని ఆ పిల్లకి తెలిసేలోపే మా ఆవిడ పోతుంది” అన్నాడు గొర్రెలాయన.

“నేను డాక్టరై వస్తాను.”

గొర్రెలాయన నవ్వాడు. వెటకారంగా కాదు, జాలిగా. “ఏ డాక్టరు తిరిగొచ్చాడమ్మా ఈ ఊరికి? మాస్టారి మేనల్లుడు వచ్చాడా? వేసవిలో గుర్రం పాలు తాగడానికి వస్తాడు, ఫొటోలు దిగి పోతాడు. డాక్టరైతే నువ్వూ అంతే. మాకు డాక్టరు వద్దు తల్లీ. నువ్వే కావాలి.”

ఆ మాట వినడానికి ఎంత బాగుందో, అంత కోపం తెప్పించింది. నేను కావాలట! ఇన్ని చలికాలాల్లో ఒక్కరైనా సాయంత్రం పూట తలుపు తట్టి, ఒంట్లో బాగోలేక కాకుండా ఊరికే టీ తాగడానికి వచ్చారా? జ్వరం తగ్గగానే గుమ్మం మర్చిపోయేవాళ్లే అందరూ. మొగుడు వదిలేసిన కోడలి ఇంటికి ఎక్కువసార్లు వెళ్లకూడదని ఆడవాళ్లూ రారు. నా ఇంట్లో ఉన్నవి రెండు టీ గిన్నెలు. రెండోది వాడిన గుర్తు నాకు లేదు. ఇవన్నీ పైకి అనలేదు. వేరేది అన్నాను.

“మాస్టారూ, మొన్న చలికాలంలో మీ పక్కింటి ఐనురాకి గుండెలో ఏదో తేడాగా వినపడింది నాకు. తేడా ఉందని తెలిసింది. ఏం తేడానో తెలియలేదు. నాకు నేర్పింది అక్కడితో అయిపోయింది. కనుమ మూసుంది, ఫోనులో డాక్టరు దొరకలేదు. తెల్లవార్లూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దేవుడి దయ, నిలబడింది. మళ్లీ అలా కూర్చోలేను. గొప్ప కోసం వెళ్లట్లేదు నేను. తెలియకుండా ఒకరి చెయ్యి పట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు తెలియదు.”

మాస్టారు టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. “మేం అడగడం అడిగాం. కాళ్లకి అడ్డం పడం” అన్నాడు. ఆ మనిషి మనసు మంచిదే. “వెళ్తే వెళ్లు కోడలా. దీవించే పంపిస్తాం.”

గొర్రెలాయన నిట్టూర్చి, “అయితే ఆ చుక్కల సీసా ఎక్కడుందో కొత్తమ్మాయికి చూపించి వెళ్లు” అన్నాడు. ఉల్కాన్ అపా కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. గెలిచాననుకున్నాను.

అప్పుడు పెదమామ మీద నా చూపు పడింది. వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరూ పోలేదని మాస్టారు అన్నాడు, గొర్రెలాయనా ఉల్కాన్ అపా తలో మాటా అన్నారు. ఆయన అనలేదు. తన బూట్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. కోడలి నోటివెంట తమ్ముడి కొడుకు పేరు విన్నా తల ఎత్తలేదు. మందలించాలి కదా? మందలించలేదు.

“పెదమామా” అన్నాను. “మీరు కూడా ఇందుకే వచ్చారా?”

ఆయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు మొహం తిప్పుకున్నాడు.

“వాడు పోలేదమ్మా” అన్నాడు పెదమామ చివరికి. “బతికే ఉన్నాడు. తిరిగొచ్చాడు.”

ఉల్కాన్ అపా ఆశ్చర్యపోలేదు, తల దించుకుంది. ఆవిడకీ తెలుసన్నమాట.

“వసంతంలో కట్టడం మీంచి పడ్డాడట. నడుం విరిగింది. అక్కడి ఆసుపత్రిలోనే చాన్నాళ్లు ఉంచారు. తోటి పనివాళ్లు తలా ఒక చెయ్యి వేసి విమానం ఎక్కించారు. ఇప్పుడు మన జిల్లా ఆసుపత్రిలో ఉన్నాడు. కాళ్లలో చలనం లేదు.”

“మీకెప్పుడు తెలిసింది?”

“గడ్డి కోతలు మొదలవక ముందే.”

“ఇన్నాళ్లూ చెప్పలేదే!”

“ఎలా చెప్పనమ్మా?” ఆయన మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. ముసలాయన కళ్లు తడిగా ఉన్నాయి. “చావు కబురైతే చెప్పడం చేతనవును. నలుగురం వెళ్తాం, కూర్చోబెడతాం, ఏడుస్తాం. బతికున్నవాడు ఇలా తిరిగొస్తే భార్యకి ఎలా చెప్పాలో మన పెద్దలెవరూ మాకు చెప్పి పోలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను. ఈలోపు నీ సీటు సంగతి తెలిసింది. సరే, మాస్టార్ని తోడు తీసుకుని ముందు ఉండిపొమ్మని అడుగుదాం, ఉంటానంటే అప్పుడు ఇది చెబుదాం అనుకున్నాను.”

“అంటే ఊరి కోసం కాదన్నమాట మీరు వచ్చింది. మీ ఇంటి కోసం.”

“రెండిటికీ నువ్వే కదా కోడలా. రోజూ కట్లు మార్చాలి, గొట్టాలు చూడాలి, పుండ్లు పడకుండా పక్కకి తిప్పాలి. మా ఇంట్లో ఎవరికి చేతనవుతుంది? పైగా భార్యవి. వాణ్ని వదిలేసి నువ్వు చదువుకి పోయావంటే...” ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయక్కర్లేదు కూడా. ఆ మాట ఈ చలికాలమంతా ఊళ్లో ఎన్ని పొయ్యిల ముందు పూర్తవుతుందో నాకు తెలుసు.

బతికే ఉన్నాడు. చచ్చిపోయాడనుకుని నేను అరిచి పావుగంట కూడా కాలేదు. మరి బతికున్నాడంటే ఎగిరి గంతేయాలి కదా? వేయలేదు. నాకు ముందు శనివారం టాక్సీ గుర్తొచ్చింది. సిగ్గేసింది. సిగ్గేసినా టాక్సీయే గుర్తొస్తోంది, బిష్కెక్‌లో ఖాళీగా నాకోసం ఎదురుచూస్తున్న ఆ బల్ల గుర్తొస్తోంది. అతని మొహం తెచ్చుకుందామంటే రావడం లేదు. ఒక్క గొంతే గుర్తుంది, ఫోనులో వినీ వినీ.

“ఎప్పుడు తీసుకొస్తున్నారు?” అని అడిగాను. నా గొంతు నాకే ఫెల్షర్ గొంతులా వినపడింది. “మంచం అదీ చూడాలి. మీ ఇంట్లో కింద పరుపులు పనికిరావు.”

మాస్టారు కిటికీ వైపు చూశాడు. బయట కుక్కలు మొరిగాయి. వంతెన దాటుతున్న బండి చప్పుడు వినపడింది. మా ఊళ్లో ఏ బండి ఎవరిదో చప్పుడుతోనే చెప్పగలం. ఆ చప్పుడు జిల్లా ఆసుపత్రి అంబులెన్సుది.

“ఇవాళేనా?” అన్నాను. పండగ కోట్లు ఎందుకో అప్పుడర్థమైంది. వాళ్లు అతనికి ఎదురువచ్చారు.

బండి కేంద్రం గేటు ముందే ఆగింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి డ్రైవరు వెనక తలుపులు తీస్తున్నాడు. నాకంటే చిన్నవాడు, నన్ను ఎజే, అంటే అక్కా అని పిలుస్తాడు. నాలుగైదుసార్లు రోగుల్ని ఇతని బండిలోనే కిందికి పంపాను. లోపల చీకట్లో స్ట్రెచర్, దానిమీద బూడిదరంగు దుప్పటి, దుప్పటి కింద పల్చగా ఒక మనిషి ఆకారం. మొహం అటువైపు ఉంది.

“ఎజే, పేషెంటుని ఎవరికి అప్పజెప్పమంటారు?” అన్నాడు డ్రైవరు నన్ను చూసి. “ఫెల్షర్‌కా, ఇంటివాళ్లకా? ఫెల్షర్‌కైతే ఇక్కడ దింపుతాను. ఇంటివాళ్లకైతే ఇంటిదాకా తీసుకెళ్తాను.”

అడగడానికి ఎంత చిన్న ప్రశ్న! ఫెల్షర్‌కి అంటే, ఏ ఫెల్షరైనా కావచ్చు. సోమవారం నుంచి ఆ కొత్తమ్మాయి కూడా ఫెల్షరే. ఇంటివాళ్లకి అంటే, నేనొక్కదాన్నే. పెదమామకి ఈ తేడా నాకంటే ముందే తట్టింది. కర్ర ఊతంతో గబగబా ముందుకొచ్చాడు.

“ఇంటికే పద నాయనా. ఇదిగో, ఈవిడే వాడి భార్య” అన్నాడు.

డ్రైవరు నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఇన్నిసార్లు ఈ గేటు దగ్గర కలిసిన మనిషికి నాకు భర్త ఉన్నాడనే తెలియదు. మాస్టారు, గొర్రెలాయన, ఉల్కాన్ అపా అందరూ నేనేమంటానా అని చూస్తున్నారు. నోరు తెరిచాను. ఏమనబోయానో ఇప్పటికీ నాకు తెలియదు.

దుప్పటి కింది మనిషి మొహం తిప్పలేదు. కానీ మాట్లాడాడు. ఫోనులో విన్న గొంతు కాదది, బాగా అరిగిపోయిన గొంతు.

“ఫెల్షర్‌కే అప్పజెప్పు తమ్ముడూ” అన్నాడు బోలోత్. “ఇంటివాళ్లు నాకెవరూ లేరు.”

డ్రైవరు స్ట్రెచర్‌ని సగం బయటికి లాగి, రెండో కొస ఎవరు పడతారా అని చుట్టూ చూశాడు. నేను వెళ్లి పట్టుకున్నాను. తల వైపు కొస నా చేతికే వచ్చింది. అప్పుడు అతను కళ్లెత్తి నన్ను చూశాడు.